ఆగకుండా సాగే మాత్రల తయారీ



మన ఆసుపత్రి ఫార్మసీ కిటికీ దగ్గర తరచుగా వినబడే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. "పోయిన నెల ఇచ్చిన మాత్ర, ఇప్పుడిచ్చిన మాత్ర ఒకటేనా సిస్టరు గారూ?" "ఒక మాత్రలో మందు ఎక్కువ, ఇంకో మాత్రలో తక్కువ ఉండదు కదా?" "ఈ మందు స్టాకు లేదంటున్నారు, మళ్ళీ ఎప్పుడు వస్తుంది?" ఇవి అడగవలసిన ప్రశ్నలే. బి.పి., షుగరు, థైరాయిడ్, మూర్ఛ, హెచ్‌ఐవి ఉన్నవారు ఏళ్ళ తరబడి, కొందరు జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. అటువంటివారికి రెండు సంగతులు చాలా ముఖ్యం. ప్రతి మాత్రలోను ఒకే మోతాదు ఉండాలి. మందు తెంపు లేకుండా దొరకాలి. ఈ రెండూ చాలావరకు ఫ్యాక్టరీలో మాత్ర తయారయ్యే పద్ధతి మీద ఆధారపడి ఉంటాయి.

ఆ పద్ధతిలో ఇటీవలి సంవత్సరాలలో ఒక పెద్ద మార్పు మొదలైంది. దానిని తెలుగులో "నిరంతర తయారీ" అనవచ్చు. కంపెనీలలో పనిచేసేవారు మాత్రం కంటిన్యుయస్ మాన్యుఫాక్చరింగ్ అనే అంటారు. మన సంఘ కుటుంబాలలో ఎంతోమంది పిల్లలు బి.ఫార్మసీ, కెమిస్ట్రీ చదివి జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ వైపు మందుల కంపెనీలలో పనిచేస్తున్నారు. వారు చేసే పని ఎంత బాధ్యత గలదో పెద్దలకు తెలియడానికి కూడా ఈ వ్యాసం ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాము.

మాత్రలను మామూలుగా ఎలా చేస్తారు?

క్రిస్మసు ప్రేమవిందుకు 500 మందికి పులిహోర చేయడం మీరు చూసే ఉంటారు. అన్నం అంతా ఒకేసారి వండి, పెద్ద పళ్ళెంలో ఆరబోసి, పులుసు, పోపు వేసి కలుపుతారు. ఒకరు రుచి చూసి "ఉప్పు సరిపోయింది" అన్న తరువాతనే వడ్డనకు పంపుతారు. మందుల కంపెనీలలో ఎక్కువ భాగం మాత్రలు నేటికీ ఇదే రకంగా, విడతలు విడతలుగా తయారవుతాయి. ఒక్కొక్క విడతను "బ్యాచ్" అంటారు. స్ట్రిప్పు మీద కనిపించే బ్యాచ్ నంబరు ఆ విడతకు పెట్టిన గుర్తే.

ఆ పని వరుసగా ఇలా జరుగుతుంది:

1. అసలు మందును, దానితో కలిపే లాక్టోస్, పిండిపదార్థం వంటి సహాయక పదార్థాలను తూచి పెట్టుకుంటారు.

2. అన్నిటినీ పెద్ద డ్రమ్ములో పోసి తిప్పి కలుపుతారు.

3. అవసరమైతే ఆ పొడిని కొద్దిగా తడిపి, ఉప్మా రవ్వలాగా చిన్న పలుకులు చేసి, ఆరబెట్టి, జల్లెడ పడతారు.

4. పొడి అచ్చులకు అంటుకోకుండా మెగ్నీషియం స్టియరేట్ వంటి జారుడు పొడిని చివరగా కలుపుతారు.

5. అచ్చు యంత్రంలో ఒత్తి మాత్రలు చేస్తారు.

6. అవసరమైనవాటికి పైపూత వేసి, స్ట్రిప్పులలో ప్యాక్ చేస్తారు.

ఒక మెట్టు పూర్తయ్యాక యంత్రం ఆపుతారు. శాంపిల్ తీసి లాబ్‌కు పంపుతారు. ఫలితం వచ్చేవరకు సరుకు డ్రమ్ములలో ఎదురుచూస్తుంది. కొన్నిసార్లు ఒక మెట్టు ఒక ఊరిలో, తరువాతి మెట్టు మరొక ఊరిలో జరుగుతుంది. యంత్రాలు నిజంగా పనిచేసేది కొద్ది రోజులే అయినా, ఈ ఎదురుచూపులన్నీ కలిపితే వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది.

ఈ పద్ధతిలో వచ్చే చిక్కులు

ఇన్ని దశాబ్దాలుగా కోట్లాదిమందిని బ్రతికించిన మందులు ఈ విడతల పద్ధతిలోనే తయారయ్యాయి. కనుక ఇది చెడ్డ పద్ధతి అని ఎవరూ అనుకోకూడదు. అయినా దీనిలో కొన్ని సహజమైన చిక్కులు ఉన్నాయి.

మొదటిది, సమంగా కలపడం. థైరాయిడ్‌కు వాడే 25 మైక్రోగ్రాముల మాత్రను తీసుకోండి. గ్రాములో పది లక్షవ వంతు ఒక మైక్రోగ్రాము. మాత్ర మొత్తం బరువు 100 మిల్లీగ్రాములు అనుకుందాం. అంటే 4,000 పాళ్ళలో మందు ఒక్క పాలు మాత్రమే. పది లక్షల మాత్రలకు 100 కిలోల పొడి కావాలి. ఆ 100 కిలోలలో అసలు మందు 25 గ్రాములే, అంటే ఐదారు చెంచాల పంచదారంత. ఆ కొంచెం మందు 100 కిలోలలోను ప్రతి చిటికెకు సమంగా అందాలి. పులిహోరలో ఒక మూల పులుపు ఎక్కువైతే సర్దుకుంటాము. మాత్రలో అలా కుదరదు.

రెండవది, కలిపిన తరువాత విడిపోవడం. మిక్చర్ పొట్లం అడుగున ఉప్పూ కారమూ చేరి ఉండడం మనందరికీ తెలుసు. కదిలించినకొద్దీ సన్నని పొడి కిందికి దిగుతుంది. డ్రమ్ములో చక్కగా కలిసిన మందు కూడా ఆ డ్రమ్మును దొర్లించి, ఎత్తి, మరొక యంత్రంలో పోసేటప్పుడు ఇలాగే విడిపోయే ప్రమాదం ఉంది.

మూడవది, పరీక్ష. మోతాదు సమంగా ఉన్నదా అని చూసే పరీక్షలో సాధారణంగా మొదట 10 మాత్రలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. అవసరమైతే మరో 20 చూస్తారు. ఆ విడతలో మాత్రలు లక్షలలో ఉంటాయి. దారిలో వేరే పరీక్షలు కూడా జరుగుతాయి కాబట్టి భరోసా ఉంటుంది గాని, ఫలితం తెలిసే సమయానికి మాత్రలన్నీ అయిపోయి ఉంటాయి. తప్పు కనబడితే విడత మొత్తం పారవేయవలసి రావచ్చు.

నాలుగవది, అవసరం పెరిగినప్పుడు వేగం. ఒక అంటువ్యాధి వచ్చిందనుకోండి. ఎక్కువ మాత్రలు కావాలంటే మరింత పెద్ద డ్రమ్ము కావాలి. ఐదుగురికి వండే కొలతలతోనే 500 మందికి వండితే అన్నం ఒకేలా రాదు కదా! అలాగే పెద్ద డ్రమ్ములో పొడి వేరుగా కలుస్తుంది. అన్నిటినీ మళ్ళీ పరీక్షించి రుజువు చేసుకోవాలి. దానికి కాలం పడుతుంది.

నిరంతర తయారీ అంటే ఏమిటి?

ఇప్పుడు పిండిమర దగ్గరకు వెళదాం. పైన గింజలు పోస్తూ ఉంటారు, కింద పిండి వస్తూ ఉంటుంది. పోయడం ఆపేవరకు పిండి రావడం ఆగదు. నిరంతర తయారీలో మాత్రలు కూడా అలాగే వస్తాయి. ఒకవైపు పొడులు ఎడతెగకుండా లోపలికి వెళుతుంటే, మరోవైపు మాత్రలు ఎడతెగకుండా బయటికి వస్తుంటాయి. తూచడం, కలపడం, అచ్చు వేయడం అన్నీ ఒకదానికొకటి అతికించిన ఒకే లైనులో, ఒకే సమయంలో జరుగుతుంటాయి. పొడిని నేరుగా అచ్చు వేసే లైనులో, లోపలికి వెళ్ళిన పొడి చాలాసార్లు అరగంటలోపే మాత్రగా బయటికి వస్తుంది.

పెట్రోలు శుద్ధి, సిమెంటు, కాగితం పరిశ్రమలలో ఈ విధానం ఎప్పటినుంచో ఉంది. మందుల పరిశ్రమ మాత్రం ఆలస్యంగా అటు అడుగు వేసింది. మందులో పొరపాటు జరిగితే ప్రాణానికే ముప్పు కాబట్టి, ఒకసారి ప్రభుత్వ అనుమతి పొందిన పద్ధతిని మార్చడానికి కంపెనీలు జంకుతాయి. మార్చినప్పుడల్లా మళ్ళీ రుజువులు చూపి అనుమతి తీసుకోవాలి.

ఇటువంటి లైనును ఎలా రూపొందిస్తారు?

ఉన్న యంత్రాలను వరుసగా నిలబెట్టి గొట్టాలతో కలిపితే సరిపోదు. రూపకల్పన చేసే ఇంజనీర్లు ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం చెప్పుకుంటూ వెళ్ళాలి.

పొడి గుణం ఎలాంటిది? వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లి గడ్డకడుతుంది. పంచదార జారినట్లు శనగపిండి జారదు. మందు పొడులు కూడా అంతే. కొన్ని జారతాయి, కొన్ని గోడకు అంటుకుంటాయి, కొన్నిటిని చెమ్మ పాడుచేస్తుంది. విడతల పద్ధతిలో పొడి గరాటాలో ఇరుక్కుంటే మనిషి తట్టి కిందికి దించవచ్చు. ఆగకుండా నడిచే లైనులో ఒకచోట ఇరుక్కుంటే వెనుక ముందు అంతా తప్పుతుంది. అందుకే మొదటి పని ప్రతి పొడిని, ప్రతి సరఫరాదారు పంపిన సరుకును విడిగా పరిశీలించడం.

తూకం ఎలా? ఇక్కడ ఒకేసారి తూచి పెట్టుకోవడం ఉండదు. ప్రతి పొడికి ఒక ఫీడరు ఉంటుంది. అది త్రాసు మీద కూర్చున్న గరాటా వంటిది. దాని అడుగున మర తిరుగుతూ పొడిని బయటికి నెడుతుంది. గరాటా బరువు క్షణక్షణం ఎంత తగ్గుతున్నదో త్రాసు చూస్తుంది. ఎక్కువ తగ్గితే మర నెమ్మదిస్తుంది, తక్కువ తగ్గితే వేగం పెంచుతుంది. వార్డులో సెలైన్ ఎక్కిస్తున్నప్పుడు నర్సమ్మ చుక్కలు లెక్కపెట్టి చక్రం సరిచేసినట్లే.

అయితే గరాటా ఖాళీ అవుతున్నప్పుడు మళ్ళీ నింపాలి. నింపే ఆ కొద్ది క్షణాలు బరువు పెరుగుతుంది కాబట్టి, ఎంత పొడి బయటికి వెళ్ళిందో త్రాసు చెప్పలేదు. ఆ సమయంలో మరను ముందు లెక్కించిన వేగంతో నడపాలి. లైనులో బలహీనమైన క్షణాలలో ఇది ఒకటి. అందుకే గరాటా పూర్తిగా ఖాళీ కాకముందే, కొంచెం కొంచెంగా, త్వరగా నింపేలా ఏర్పాటు చేస్తారు. థైరాయిడ్ మాత్రలలాంటి అతి తక్కువ మోతాదు మందులను ఇలా సన్నగా ఎడతెగకుండా వేయడం మరీ కష్టం. అటువంటివాటిని ముందుగా మరొక పొడితో కొంత కలిపి, ఆ మిశ్రమాన్ని ఫీడరులో వేసే మార్గం ఒకటి ఉంది.

ఎంతసేపు కలపాలి? ఇక్కడి మిక్సరు ఒక గొట్టం. మధ్యలో రెక్కలున్న ఇరుసు తిరుగుతూ ఉంటుంది. ఫీడర్ల నుండి పడిన పొడి కలుస్తూ ముందుకు సాగి, కొద్ది నిమిషాలలోపే రెండవ చివర బయటపడుతుంది. ఏ క్షణంలో చూసినా గొట్టంలో ఉండేది తక్కువ పొడే కాబట్టి సమంగా కలపడం తేలిక. జారుడు పొడిని మాత్రం చివరలోనే, కొద్దిసేపే కలపాలి. అది అతిగా కలిస్తే మాత్ర మెత్తబడవచ్చు, కడుపులో ఆలస్యంగా కరగవచ్చు.

పొడి ప్రయాణం ఎలా సాగుతుంది? రూపకల్పనకు ఇదే గుండె వంటిది. ఆరాధన ముగిసి అందరూ ఒకే తలుపు గుండా బయటికి వెళ్ళడం ఊహించండి. ఒకే వరుసలో కూర్చున్నవారందరూ ఒకే క్షణంలో బయటపడరు. కొందరు వెంటనే వెళతారు, కొందరు పలకరించుకుంటూ నిదానంగా వెళతారు. పొడి రేణువులూ అంతే. 10 గంటలకు గొట్టంలో పడినవాటిలో కొన్ని 10 గంటల 2 నిమిషాలకే బయటికి రావచ్చు, మరికొన్ని 10 గంటల 6 నిమిషాలకు రావచ్చు. ఎంత భాగం ఎప్పుడు వస్తుందో తెలుసుకోవడానికి, గుర్తుపట్టగల పదార్థాన్ని చిటికెడు వేసి, రెండవ చివర అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో కొలుస్తారు.

దీని వలన ఒక మేలు, ఒక చిక్కు ఉన్నాయి. ముందూ వెనుకా పడిన పొడి గొట్టంలో కలిసిపోవడం వలన, ఫీడరులో క్షణకాలం వచ్చిన చిన్న హెచ్చుతగ్గు సర్దుకుపోతుంది. ఇది మేలు. కాని పెద్ద తప్పు జరిగితే, ఆ తప్పు కూడా అలాగే సాగి, ఎక్కువ మాత్రలకు పాకుతుంది. ఇది చిక్కు. ఎంత కలయిక చాలు, ఎంత కలయిక మితిమీరుతుంది అనేది ఇంజనీరు ఆ మందును బట్టి తేల్చుకోవాలి.

తప్పును ఎలా పసిగడతారు? జబ్బుపడినవారి వేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలిస్తే, సూది గుచ్చకుండానే కాంతి సహాయంతో రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉన్నదో క్షణాలలో తెలుస్తుంది. లైనులో కూడా ఇటువంటి కన్ను ఒకటి ఉంటుంది. మన కంటికి కనబడని పరారుణ కాంతిని పొడి మీద పంపి, తిరిగి వచ్చిన కాంతిని బట్టి మందు పాలు ఎంతో లెక్కకడుతుంది. పొడి కదులుతుండగానే ఈ కొలత మళ్ళీ మళ్ళీ జరుగుతూ ఉంటుంది. రక్తం తీసి లాబ్‌కు పంపి రిపోర్టు కోసం కూర్చోవడానికి, వేలికి మీటరు పెట్టి చూడడానికి ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా. అయితే మీటరు కూడా తప్పు చెప్పవచ్చు. దానిని తెలిసిన శాంపిళ్ళతో సరిపోల్చుకుంటూ ఉండాలి. ముడి సరుకు మారితే లెక్కను మళ్ళీ సరిచూసుకోవాలి.

తప్పు సరుకును ఎలా వేరుచేస్తారు? లైనులో తగినచోట పక్కదారి ఒకటి ఉంటుంది. పాలు తప్పిన పొడి గాని మాత్రలు గాని అక్కడికి చేరేసరికి తలుపు తెరుచుకుని వాటిని తిరస్కరించిన సరుకులోకి పంపుతుంది. తలుపు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నది పైన చెప్పిన ప్రయాణకాలమే చెబుతుంది. మొట్టమొదటి తప్పు రేణువు రాకముందే తెరవాలి. చిట్టచివరి తప్పు రేణువు దాటిపోయేవరకు మూయకూడదు. లెక్క సరిగా ఉంటే, లక్షల మాత్రలున్న విడత మొత్తాన్ని పారవేయకుండా, చెడిన భాగం వరకే తీసివేయవచ్చు.

మొదలుపెట్టడం, ఆపడం ఎలా? బోరు వేసిన వెంటనే వచ్చే బురద నీళ్ళు మనం తాగము. తేటపడేవరకు వదిలేస్తాము. లైను మొదలుపెట్టినప్పుడు కూడా అన్ని యంత్రాలు కుదురుకునేవరకు వచ్చిన సరుకును పక్కన పెడతారు. ఎన్ని గంటలు నడిపాక ఆపి శుభ్రం చేయాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి. ఎందుకంటే యంత్రం లోపల పొడి పేరుకుంటుంది.

ఎక్కువ మాత్రలు కావలసివస్తే?

ఒక చిన్న లెక్క చూద్దాం. లైను గంటకు 50 కిలోల పొడిని తీసుకుంటున్నదని, ఒక్కొక్క మాత్ర బరువు అర గ్రాము అని అనుకుందాం. గంటకు లక్ష మాత్రలు వస్తాయి. 10 గంటలు నడిపితే 10 లక్షలు. 20 లక్షలు కావాలంటే 20 గంటలు నడపాలి. కొత్త డ్రమ్ము, కొత్త కొలతలు అక్కరలేదు. అయితే అంతసేపూ లైను అదుపు తప్పకుండా నడుస్తుందని ముందే రుజువు చేసి ఉంచుకోవాలి. మందు కొరత వచ్చినప్పుడు ఈ సౌలభ్యం ఎంత విలువైనదో, మూర్ఛ మాత్రలు దొరకక నాలుగు మెడికల్ షాపులు తిరిగిన కుటుంబానికి బాగా తెలుస్తుంది.

మరి ఇందులో బ్యాచ్ అంటే ఏమిటి? మాటిమాటికి ఆపే విడతలు లేవు గాని, బ్యాచ్ నంబరు మాత్రం ఉంటుంది. ఇంత సమయంలో వచ్చినవి అని గాని, ఇంత సరుకుతో చేసినవి అని గాని ముందుగా నిర్ణయించి దానిని ఒక బ్యాచ్‌గా లెక్కిస్తారు. ఏదైనా లోపం బయటపడితే ఆ మాత్రలను వెనక్కి రప్పించడానికి ఈ నంబరే ఆధారం.

ఇది ఎక్కడ ఆచరణలోకి వచ్చింది?

2007లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం, నోవార్టిస్ కంపెనీ కలిసి ఈ విషయంపై ఒక పరిశోధనా కేంద్రం ప్రారంభించాయి. నోవార్టిస్ 10 సంవత్సరాలకు 6 కోట్ల 50 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. అక్కడి పరిశోధకులు బి.పి.కి వాడే అలిస్కిరెన్ అనే మందును, రసాయనాల దశనుండి మాత్రగా మారేవరకు ఒకే లైనులో చేసి చూపించారు. విడతల పద్ధతిలో సుమారు 300 గంటలు పట్టే పని 47 గంటలలో పూర్తయిందని 2013లో ప్రచురించారు.

2015 జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ., వెర్టెక్స్ కంపెనీ వారి ఆర్కాంబి మాత్రలను ఆమోదించింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య ఊపిరితిత్తుల వ్యాధికి వాడే ఈ మందు, నిరంతర తయారీతో ఆమోదం పొందిన మొదటి కొత్త మందు.

ఆ మరుసటి సంవత్సరం జరిగినది మనకు మరింత దగ్గరి సంగతి. హెచ్‌ఐవి చికిత్సకు వాడే దారునావిర్ మాత్ర 2006 నుండి అమెరికాలో ఉంది. దానిని జాన్సెన్ కంపెనీ ప్రెజిస్టా పేరుతో విడతల పద్ధతిలో చేసేది. రట్గర్స్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లతో కలిసి ఏళ్ళ తరబడి కృషి చేసి, ప్యూర్టోరికో ద్వీపంలోని గురాబో ఫ్యాక్టరీలో కొత్త లైను ఏర్పాటు చేసింది. 2016 ఏప్రిల్‌లో ఎఫ్.డి.ఎ. 600 మిల్లీగ్రాముల మాత్రకు ఈ మార్పును ఆమోదించింది. అప్పటికే అమ్మకంలో ఉన్న మందును పాత పద్ధతినుండి కొత్త పద్ధతికి మార్చడానికి అనుమతి ఇవ్వడం అదే మొదటిసారి.

హెచ్‌ఐవి మందులను ఒక్కరోజు కూడా మానకూడదని మన కౌన్సిలర్లు ఎందుకు పదే పదే చెబుతారో మీకు తెలుసు. మోతాదు తగ్గినా, మధ్యలో తెంపు వచ్చినా వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది. మన దేశంలో కూడా మొదటి, రెండవ శ్రేణి మందులు పనిచేయనివారికి ప్రభుత్వ ఎ.ఆర్.టి. కార్యక్రమంలో దారునావిర్ ఇస్తారు. అక్కడ మన రోగులకు అందే మాత్రలు ఆ ప్యూర్టోరికో లైనులోవే అని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఎక్కడ చేసినా ఇటువంటి మందుకు సమానమైన మోతాదు, ఎడతెగని సరఫరా ఎంత అవసరమో గ్రహించాలని చెబుతున్నాము.

2022 నవంబరులో అంతర్జాతీయ ఔషధ ప్రమాణాల మండలి ఐ.సి.హెచ్. నిరంతర తయారీకి క్యూ13 అనే మార్గదర్శకాన్ని ఆమోదించింది. పైన చెప్పుకున్న ప్రయాణకాలం, పక్కదారి, బ్యాచ్ నిర్వచనం వంటివన్నీ అందులో ఉన్నాయి.

మన ప్రాంతానికి దీనితో పనేమిటి?

1961లో స్థాపించిన ఐ.డి.పి.ఎల్. హైదరాబాదులో పెట్టిన ఫ్యాక్టరీనుండి ఎదిగిన నిపుణుల వలన మన ప్రాంతం మందుల పరిశ్రమకు పెద్ద కేంద్రమైంది. అసలు మందును తయారుచేసే రసాయన దశ మన దగ్గర ఎక్కువ. అక్కడ కూడా పెద్ద రియాక్టర్లకు బదులు సన్నని గొట్టాలలో రసాయనాలను పారిస్తూ మందు చేసే పద్ధతి వస్తోంది. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో ఇందుకోసం ఒక కేంద్రాన్ని ఏర్పాటు చేస్తున్నట్లు 2022లో ప్రకటించారు.

ఇందులో పనివారి క్షేమం కూడా ఉంది. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్‌లో పాశమైలారంలో జరిగిన ఘోర ప్రమాదాలలో ఎన్నో కుటుంబాలు తమవారిని కోల్పోయాయి. కొత్త పద్ధతి ఉంటే అవి జరిగేవి కావని అనడం సరికాదు. ప్రమాదాలకు కారణాలు ఎన్నో ఉంటాయి. అయితే వేల లీటర్ల రసాయనం ఒకేచోట మరగడం కంటే, సన్నని గొట్టంలో కొద్దిగా పారడం వలన వేడి త్వరగా బయటికి పోతుంది, ఒక సమయంలో ప్రమాదానికి గురయ్యే సరుకూ తక్కువ. యంత్రం ఏదైనా జాగ్రత్త నియమాలను పాటించడం మాత్రం తప్పనిసరి.

మందుల ధర తగ్గుతుందా?

వెంటనే తగ్గుతుందని ఆశపెట్టడం న్యాయం కాదు. లైను ఏర్పాటుకు, కొలిచే పరికరాలకు, శిక్షణకు మొదట చాలా ఖర్చవుతుంది. ఉన్న యంత్రాలతో చవకగా జనరిక్ మందులు చేస్తున్న కంపెనీకి వాటిని వదిలిపెట్టడం తేలిక కాదు. ఏటా కొద్దిగా మాత్రమే అవసరమయ్యే మందుకు, మెత్తగా అంటుకునే పొడులకు ఈ పద్ధతి నప్పకపోవచ్చు. ముడి సరుకే దొరకనప్పుడు ఎంత మంచి లైనైనా నడవదు. తక్కువ స్థలం, తక్కువ వృథా, తక్కువ ఎదురుచూపు వలన కాలక్రమంలో ఖర్చు తగ్గే అవకాశం ఉంది.

రోగులు, కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

1. మీ మాత్ర ఏ పద్ధతిలో తయారైందో స్ట్రిప్పు మీద ఉండదు. దాని కోసం వెదకవద్దు. నియమాల ప్రకారం చేసి, పరీక్షలో నెగ్గిన మాత్ర ఏ పద్ధతిలో చేసినదైనా వాడదగినదే. ఈ వ్యాసం చదివి ఎవరూ మందు మానవద్దు, మార్చవద్దు.

2. మాత్రలు అయిపోయేవరకు స్ట్రిప్పు పారవేయకండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్న భాగాన్ని చివరివరకు ఉంచి, రెండవవైపునుండి మాత్రలు తీయండి.

3. మాత్ర పొడిపొడిగా ఉన్నా, మచ్చలు కనబడినా, చెమ్మగిల్లినా వేసుకోకుండా స్ట్రిప్పుతో సహా ఫార్మసీకి తీసుకురండి.

4. 300 ప్రముఖ బ్రాండ్ల మందులపై 2023 ఆగస్టు 1 నుండి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఇంట్లో పిల్లల ఫోనుతో దానిని చూసి, తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు సరిపోల్చుకోవచ్చు.

5. డాక్టరు చెప్పనిదే మాత్రను సగం చేయవద్దు, నలపవద్దు. ఎంతో శ్రమతో సమంగా చేసిన మోతాదు ఆ ఒక్క విరుపుతో తప్పిపోవచ్చు. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలను నలిపితే ప్రమాదం.

6. పొయ్యి గట్టు మీద, స్నానాలగదిలో, ఎండ తగిలే కిటికీలో మందులు పెట్టవద్దు.

7. థైరాయిడ్, మూర్ఛ, రక్తం పలుచబడే మందులు వాడేవారు కంపెనీ మారినప్పుడు డాక్టరుకు చెప్పండి. అవసరమైతే పరీక్ష చేయిస్తారు.

8. మందు వలన దుష్ఫలితం కలిగిందనిపిస్తే ముందు డాక్టరును కలవండి. జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమం ఉచిత ఫోను 1800-180-3024కు కూడా తెలుపవచ్చు.

తూకంలో న్యాయం ఉండాలని లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలకు ఆజ్ఞాపించాడు. ఆనాడు అది బజారులోని త్రాసు గురించి. ఈనాడు మైక్రోగ్రాములను తూచే త్రాసుకు కూడా అది వర్తిస్తుంది. మందు కొనేవారు దానిలో ఎంత ఉన్నదో తూచి చూసుకోలేరు, నమ్మి నోట్లో వేసుకుంటారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికి ఫ్యాక్టరీలలో రాత్రి షిఫ్టులు చేస్తున్న మన బిడ్డలందరి కొరకు మీ కుటుంబ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోండి. మీ మాత్రలను వేళకు వేసుకోండి.